కారేది చమురు, చేరేది నీరు

పాత అవుట్‌బోర్డు మోటారు ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుభవం తప్పదు. స్టాండుకు తగిలించిన మోటారు కింద, తెల్లారి చూస్తే, అరచెయ్యంత నూనె మరక. లేదంటే లంగరేసిన బోటు వెనక నీటి మీద రంగురంగుల పొర. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. కారినంత మళ్లీ పోసేసి ఊరుకుంటారు. కొంచెమే కదా పోతోంది, పావు లీటరు ఆయిల్‌కి ఏమంత ఖర్చని లెక్క వేసుకుంటారు.

ఆ లెక్క తప్పని చెప్పడానికే ఇంత రాస్తున్నాను. లోయర్ యూనిట్‌లోంచి నూనె పోవడం వల్ల వచ్చే నష్టం తక్కువే. ఏ సందులోంచి నూనె బయటికొచ్చిందో అదే సందులోంచి నీళ్లు లోపలికి వెళ్తాయి. మోటారును తినేసేది ఆ నీళ్లు. కాబట్టి నేల మీద మరకను చూసి నూనె ఎంత పోయిందని అడగడం కాదు, నీళ్లు ఎంత చేరాయని అడగాలి.

ముందు లోపల ఏముందో చూద్దాం. లోయర్ యూనిట్ అంటే మోటారులో నీళ్లలో మునిగి ఉండే అడుగు భాగం. ఇంజన్ నుంచి నిలువుగా కిందికి దిగే డ్రైవ్ షాఫ్ట్, దాని కొసన చిన్న పినియన్, ఆ పినియన్‌ని ఒరుసుకుని ముందుకు పోవడానికో గేరు, వెనక్కి పోవడానికో గేరు, ఆ రెంటి మధ్య అటూ ఇటూ జరిగే క్లచ్ ముక్క, వెనక్కి పొడుచుకొచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్. ఇవన్నీ బేరింగుల మీద, నూనెలో మునిగి తిరుగుతాయి. యమహా 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారునే తీసుకుంటే పినియన్‌కి 13 పళ్లు, గేరుకు 27 పళ్లు. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ 2400 చుట్లు తిరుగుతుంది. ఈ పనంతటికీ ఆధారం పావు లీటరు గేర్ ఆయిల్. కారు గేర్‌బాక్సుకు ఉన్నట్టు దీనికి గాలి పీల్చే రంధ్రం ఉండదు. నీళ్లలో మునిగి ఉండేదానికి రంధ్రం పెట్టలేం కాబట్టి అన్ని వైపులా మూసేసి ఉంటుంది.

తంటా అంతా అక్కడే మొదలవుతుంది. మోటారు నడుస్తుంటే గేర్లు ఒరుసుకుని నూనె వేడెక్కుతుంది. చాలా మోటార్లలో పొగ కూడా ప్రొపెల్లర్ నడుమ నుంచే పోతుంది కాబట్టి ఆ వేడి కూడా తోడవుతుంది. వేడెక్కిన నూనె వ్యాకోచిస్తుంది. డిగ్రీకి దాదాపు 0.07 శాతం లెక్కన, 30 డిగ్రీలు వేడెక్కితే పావు లీటరు నూనె ఇంకో 5 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఒక టీస్పూను. మూసిన డబ్బాలో ఆ టీస్పూను ఎక్కడికి పోవాలి? పైన మిగిలిన కాస్త గాలినీ నొక్కుతుంది, సీళ్ల మీదా ఒత్తిడి పెడుతుంది. బలహీనంగా ఉన్న సీలు దగ్గర రెండు చుక్కలు బయటపడతాయి. తర్వాత ఇంజన్ ఆపుతాం. చుట్టూ ఉన్న నీళ్లు చల్లగా ఉంటాయి. నూనె కుంచించుకుపోతుంది, లోపల ఒత్తిడి బయటి కంటే తగ్గుతుంది. ఇప్పుడు అదే సందులోంచి రెండు చుక్కల నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. రోజూ వేటకెళ్లే బోటు అయితే రోజూ ఇదే జరుగుతుంది. సీజను చివరికి లోపల ఉన్నది నూనె కాదు, నూనే నీళ్లూ కలిసిన ముద్ద.

నీళ్లు చేరిన నూనెతో మోటారు నడుస్తూ ఉన్నప్పటి కంటే, నడిపి పక్కన పెట్టినప్పుడు ఎక్కువ చెడిపోతుంది. తిరుగుతున్నంతసేపూ నూనె ఎంతో కొంత అన్ని చోట్లకీ అంటుతూ ఉంటుంది. నిలబెట్టేస్తే నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగి, అక్కడున్న బేరింగుల దగ్గర చేరతాయి. అందులో ఉప్పునీరైతే చెప్పేదేముంది. సూదుల్లాంటి రోలర్ల మీద తుప్పు చుక్కలు పడతాయి. మళ్లీ మోటారు తిప్పినప్పుడు ఆ చుక్కల చోట లోహం పొరలు లేస్తుంది, ఆ రజను నూనెలో కలిసి గేర్ల పళ్లను గీరుతుంది. చలిదేశాల్లో ఇంకో గండం ఉంది. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో, కెనడాలో సరస్సుల పక్కన బోటు పెట్టుకున్న తెలుగువాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. గడ్డకడితే నీరు దాదాపు 9 శాతం పెరుగుతుంది. శీతాకాలం గరాజులో ఉన్న మోటారు గేర్‌కేసు, లోపలున్న గుక్కెడు నీళ్ల వల్ల నిలువునా పగిలిపోతుంది.

అయితే కనిపించిన ప్రతి మరకా గేర్ ఆయిలే అనుకోకూడదు. ఇక్కడ చాలామంది మోసపోయి బంగారం లాంటి లోయర్ యూనిట్‌ని అనవసరంగా విప్పేస్తారు. టూ స్ట్రోక్ మోటారులో పెట్రోలుతో పాటు ఇంజన్ ఆయిల్ కూడా కాలుతుంది. పూర్తిగా కాలని నూనె పొగగొట్టం లోపలి గోడలకు అంటుకుని, మోటారు నిలబెట్టాక మెల్లగా జారి ప్రొపెల్లర్ నడుమ నుంచి కారుతుంది. అది నల్లగా, పల్చగా ఉంటుంది, పెట్రోలు వాసన, మసి వాసన వేస్తుంది. గేర్ ఆయిల్ అలా ఉండదు. చిక్కగా, తీగ సాగుతూ, తేనె రంగులోనో, కంపెనీని బట్టి పచ్చగానో నీలంగానో ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం కంపు కొడుతుంది. రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. తీరకపోతే ప్రొపెల్లర్ విప్పి, షాఫ్ట్ చుట్టూ శుభ్రంగా తుడిచి, తెల్లకాగితం పరిచి ఒక రాత్రి వదిలేయండి.

నీళ్లు చేరాయో లేదో తెలుసుకోవడానికి అంతకంటే తేలికైన పరీక్ష ఉంది. మోటారును నిటారుగా నిలబెట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దున ఇంజన్ తిప్పకుండానే, అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూని ఒకటి రెండు చుట్లు మాత్రం వదులు చేసి, కింద గాజు గ్లాసు పట్టాలి. లోపల నీళ్లుంటే మొదట వచ్చేవి అవే. తర్వాతే నూనె వస్తుంది. రాత్రంతా నిలబెట్టినా విడిపోకుండా నూనె పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే, నీళ్లు చాలా రోజుల నుంచి ఉన్నాయని, గేర్లు వాటిని నూనెతో చిలికేశాయని అర్థం. నల్లగా ఉండి నీళ్లు లేకపోతే అది పాతబడిన నూనె మాత్రమే, మార్చేస్తే చాలు. స్క్రూ కొసన అయస్కాంతం ఉండే మోటార్లలో దానికి బూడిద రంగు ముద్ద కొంచెం అంటుకుని ఉంటుంది, అది మామూలే. వేలితో నలిపితే గరుగ్గా తగిలే ముక్కలు, చెమ్కీల్లా మెరిసే రేకులు ఉంటే మాత్రం సీలు మార్చడంతో పని అవదు, గేర్లు, బేరింగులు కూడా చూడాల్సిందే.

ఇక్కడొక హెచ్చరిక. జాన్సన్, ఎవిన్‌రూడ్ పేర్లతో వచ్చిన పాత చిన్న మోటార్లు చాలావాటిలో డ్రెయిన్ స్క్రూకి దగ్గర్లోనే స్టార్ తల ఉన్న ఇంకో స్క్రూ ఉంటుంది. అది నూనెకు సంబంధించింది కాదు. లోపల గేరు మార్చే మీటకు ఇరుసుగా ఉండేది అదే. తెలియక దాన్ని ఊడదీస్తే లోపల మీట జారిపోతుంది, ఇక గేర్లు పడవు, మొత్తం యూనిట్ విప్పితే తప్ప తిరిగి కూర్చోదు. నూనె స్క్రూకి అడ్డంగా ఒకే గాడి ఉండే పెద్ద తల ఉంటుంది. ఏది ఏదో ఖాయం చేసుకోకుండా స్క్రూడ్రైవర్ పెట్టకండి.

ఇక సందు ఎక్కడుందన్నది అసలు ప్రశ్న. నూనె బయటికి రావడానికి ఉన్న దార్లు ఎక్కువేమీ కాదు. మొట్టమొదట అనుమానించాల్సింది అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ, నూనె మట్టం చూడటానికి పైనున్న ఇంకో స్క్రూ, ఈ రెంటి కిందున్న వాషర్లను. నూనె మార్చిన ప్రతిసారీ వాటిని కొత్తవి వేయాలి. అవి ఒకసారి నలిగితే మళ్లీ పూర్తిగా పట్టవు. చాలామంది పాత వాషరే పెట్టి ఇంకాస్త గట్టిగా బిగిస్తారు. అల్యూమినియం మరలు ఊడిపోవడానికి దగ్గర దారి అది. కొన్నిసార్లు వాషరు రెండుగా చీలి సగం రంధ్రం అంచుకే అతుక్కుని ఉంటుంది, దాని మీద కొత్తది వేసినా కారుతూనే ఉంటుంది. గోటితో గీకి చూసుకోవాలి. కారుతున్న మోటార్లలో కొన్నింటి జబ్బు ఇక్కడితోనే నయమవుతుంది కాబట్టి మిగతావి విప్పే ముందు దీన్ని సరిచేసి చూడటం మేలు.

ఆ తర్వాతది ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలు. చేపల వేటకు వాడే మోటార్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. తెగిపోయిన నైలాన్ వల దారం ప్రొపెల్లర్‌లోకి వచ్చి షాఫ్ట్‌కి చుట్టుకుంటుంది. బయటికి ఒక పోగు మాత్రం కనిపిస్తుంది, దాన్ని కోసి పారేసి పని అయిపోయిందనుకుంటాం. మిగిలింది ప్రొపెల్లర్ వెనక, వాషరు పక్కన బిగుసుకుపోయి, తిరిగే వేడికి కరిగి గట్టిపడి, సీలు పెదవిని కోసేస్తుంది. సన్నటి నైలాన్ దారమే ఎక్కువ ప్రమాదం. లావు తాడు చుట్టుకుంటే ఇంజన్ ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. సన్నది చుట్టుకుంటే ఏమీ తెలియదు. ఉప్పాడ నుంచి భీమిలి దాకా ఏ తీరంలోనైనా ఫైబర్ బోటు మోటారుకు ప్రొపెల్లర్ విప్పి చూడటం అనేది సీజనుకు ఒకసారి కాదు, తరచూ చేయాల్సిన పని.

మిగిలిన దార్లు మూడున్నాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే బేరింగ్ క్యారియర్ చుట్టూ ఉండే ఓ-రింగు. గేరు మార్చే కడ్డీ లోపలికి దిగే చోట ఉండే చిన్న ఓ-రింగు. పైన వాటర్ పంపు కింద, డ్రైవ్ షాఫ్ట్ చుట్టూ ఉండే సీళ్లు. 1950, 60లలో వచ్చిన చిన్న జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు ఇంకో సందు కూడా ఉంది. వాటి గేర్‌కేసు అడుగు భాగం వేరే ముక్కగా ఉండి స్క్రూలతో బిగించి ఉంటుంది. ఆ అతుకులో గాడి, గాడిలో సన్నటి రబ్బరు తాడు. అరవై డెబ్బై ఏళ్ల రబ్బరు గట్టిపడి చిట్లిపోక ఏమవుతుంది?

వీటిలో ఏది కారుతోందో కంటితో చూసి చెప్పడం కష్టం. పైనున్న సీలు దగ్గర కారిన నూనె జారి కిందికొచ్చి, కింది సీలే కారినట్టు కనిపిస్తుంది. అందుకని పీడన పరీక్ష చేయాలి. పనిలో సగం విలువ ఈ పరీక్షదే. దీన్ని దాటేసి అందాజాగా సీలు మార్చే మెకానిక్ దగ్గరికి అదే మోటారు మళ్లీ వస్తుంది.

నూనె మొత్తం తీసేసి, పై స్క్రూని కొత్త వాషరుతో బిగించాలి. కింది రంధ్రానికి సరిపోయే మరలున్న గొట్టం బిగించి, దానికి చేతి పంపు, ప్రెషర్ మీటరు తగిలించాలి. ఆ మరలకు సరిపోయేది దొరక్కపోతే పాత డ్రెయిన్ స్క్రూకే మధ్యలో రంధ్రం వేసి గొట్టం అతికిస్తారు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు. ఒక్క క్షణం ఎక్కువైతే బాగున్న సీళ్లు కూడా ఎగిరి బయటపడతాయి. జాన్సన్, ఎవిన్‌రూడ్ సర్వీసు మాన్యువళ్లలో ఉన్న పద్ధతి నాకు అన్నిటికంటే సబబుగా కనిపిస్తుంది. మొదట 3 నుంచి 6 పీఎస్ఐ మాత్రమే పెట్టి చూడాలి, నిలిస్తే 16 నుంచి 18కి పెంచాలి. తక్కువ నుంచి ఎందుకు మొదలుపెట్టాలంటే, లోపలి ఒత్తిడి పెరిగితే సీలు పెదవి షాఫ్ట్‌ని ఇంకా గట్టిగా అదుముకుంటుంది. ఎక్కువ ఒత్తిడిలో నిలిచి, తక్కువ ఒత్తిడిలో కారే సీళ్లు ఉంటాయి. నేరుగా పెద్ద ఒత్తిడి పెట్టేవాళ్లకు అవి దొరకవు. యమహా మాన్యువల్ 100 కిలోపాస్కళ్లు, అంటే దాదాపు 14.5 పీఎస్ఐ పెట్టి కనీసం 10 సెకన్లు నిలవాలంటుంది. మీ మోటారు మాన్యువల్ ఏం చెబితే అది పాటించండి.

ఒత్తిడి పెట్టాక సబ్బు నురగ పూయొచ్చు, లేదా యూనిట్ మొత్తాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచొచ్చు. ముంచితే ఇంకా మంచిది. ముంచిన వెంటనే పైపైన చిక్కుకున్న గాలి బుడగలుగా లేస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు, ఒక నిమిషం ఆగండి. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. అటూ ఇటూ తొయ్యండి, లాగండి. గేరు కడ్డీని పైకీ కిందికీ కదపండి. నిలకడగా ఉన్నప్పుడు గాలి పట్టి ఉంచిన సీలు, షాఫ్ట్ ఒక ప్రత్యేక కోణంలోకి రాగానే ఒక్క బుడగ వదులుతుంది. మళ్లీ ఒక చుట్టు, మళ్లీ అదే చోట ఒక బుడగ. అంటే ఆ కోణంలో షాఫ్ట్ మీద గీత గానీ, తుప్పు గుంట గానీ ఉందన్నమాట, లేదా షాఫ్టే వంగి ఉందన్నమాట. ఇలా క్రమం తప్పకుండా వచ్చే బుడగ చెప్పే సంగతి మరే పరీక్షా చెప్పదు. సీలొకటే మార్చి ఊరుకుంటే చాలదని మోటారు విప్పకముందే తెలిసిపోతుంది.

గాలి నిలిచినా పరీక్ష సగమే అయినట్టు. గాలి పెట్టడం నూనె బయటికి రావడాన్ని చూపిస్తుంది. నీళ్లు లోపలికి పోవడాన్ని చూడాలంటే గాలి లాగేయాలి. కారు బ్రేకుల పనికి వాడే చేతి వాక్యూమ్ పంపు దీనికి సరిపోతుంది. అదే మాన్యువళ్లు ముందు 3 నుంచి 5 అంగుళాల పాదరస మట్టం, ఆ తర్వాత 15 అంగుళాలు పెట్టమంటాయి. ముల్లు దిగుతుంటే ఒక్కో సీలు చుట్టూ కొంచెం నూనె రాసి చూడండి. ఏ సీలు దగ్గర నూనె లోపలికి పీల్చుకుపోతే దొంగ అదే.

దొంగ ప్రొపెల్లర్ షాఫ్ట్ సీలే అని తేలిందనుకుందాం, ఎక్కువసార్లు తేలేది అదే. బేరింగ్ క్యారియర్ బయటికి రావాలి. రెండు బోల్టులే, కానీ ఉప్పునీళ్లలో తిరిగిన మోటారులో ఆ రెండు బోల్టులే రోజంతా పని పెడతాయి. ఇనుప బోల్టు, అల్యూమినియం గేర్‌కేసు ఉప్పునీటిలో కలిసి ఉంటే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి మరల మధ్య సిమెంటులా బిగుసుకుంటుంది. బలం చూపిస్తే బోల్టు తల ఊడి చేతికొస్తుంది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననివ్వాలి. తర్వాత బోల్టుని కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయాలి. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. విప్పడానికి ముందు కొంచెం బిగించే వైపు కదపాలి, మళ్లీ విప్పే వైపు. క్యారియర్‌ని కూడా నేరుగా లాగకుండా, చెవుల మీద మెల్లగా తట్టి ముందు గుండ్రంగా తిరిగేట్టు చేస్తే తేలిగ్గా వస్తుంది.

పాత సీలు ఊడబెరికే ముందు అది ఏ వైపు చూస్తోందో ఫోటో తీసుకోండి. సీలు లోపల సన్నటి స్ప్రింగు ఉంటుంది, స్ప్రింగు ఏ వైపు ఉందో ఆ వైపు ద్రవాన్ని ఆపడం దాని పని. చాలా మోటార్లలో రెండు సీళ్లు వీపూ వీపూ ఆనించి ఉంటాయి, ఒకటి నూనెని ఆపుతుంది, ఇంకోటి నీళ్లని ఆపుతుంది. కొన్నింట్లో రెండూ నీళ్లవైపే చూస్తాయి. ఎవరో చెప్పారని మార్చి పెట్టడం కంటే కంపెనీ ఎలా పెట్టిందో అలాగే పెట్టడం క్షేమం. సీలు మీద మూడు సంఖ్యలుంటాయి. షాఫ్ట్ లావు, బయటి చుట్టు, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. ఆ సంఖ్యలు చెబితే ఏ ఊళ్లోనైనా బేరింగుల షాపులో ఆ కొలతకి సీలు దొరుకుతుంది. అయితే మామూలు సీళ్లలో స్ప్రింగు ఉక్కుది, ఉప్పునీళ్లకు కొద్ది నెలల్లో తుప్పు పట్టి తెగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఉందా అని అడిగి తీసుకోండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

కొత్త సీలు చేతిలో ఉంది కదా అని తొందరపడకుండా షాఫ్ట్‌ని చూడాలి. సీలు పెదవి ఏళ్ల తరబడి ఒరిసిన చోట మెరుస్తూ ఒక ఉంగరంలా గీత కనిపిస్తుంది. దాని మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు ఆగితే అది గాడి. గాడిలో కొత్త సీలు కూడా ఎక్కువ కాలం నిలవదు. ఇక్కడ మూడు దార్లున్నాయి. చోటుంటే సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి కూర్చోబెడితే పెదవి కొత్త చోట ఒరుస్తుంది. ఖర్చులేని మందు ఇది, నేనైతే ముందు ఇదే చేసి చూడమంటాను. రెండోది షాఫ్ట్ మీద పల్చటి స్టీలు తొడుగు వేయడం. ఎస్‌కేఎఫ్ లాంటి బేరింగ్ కంపెనీలు ఇందుకోసమే పావు మిల్లీమీటరు మందం తొడుగులు అమ్ముతాయి, ఆ మందానికి సీలు సైజు మార్చనక్కర్లేదు. మూడోది కొత్త షాఫ్ట్. ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చేస్తే చాలదా అంటారు కొందరు. రుద్దితే షాఫ్ట్ చుట్టూ అడ్డంగానే రుద్దాలి. ఏటవాలుగా రుద్దితే ఆ సన్నటి గీతలు మరల్లా పనిచేసి, షాఫ్ట్ తిరిగినప్పుడల్లా నూనెని బయటికి నెడతాయి. షాఫ్ట్ ఊగుతుంటే మాత్రం సీలు జోలికి పోకండి. ఊగే షాఫ్ట్ మీద ఎంత ఖరీదు సీలైనా వారం ఆగదు, బేరింగు మార్చాకే సీలు.

సీలు వేసేటప్పుడు దాని బయటి లోహపు చుట్టుకు పల్చగా గ్యాస్కెట్ సీలెంటు, పెదవికి గ్రీజు రాయాలి. రెండు సీళ్ల మధ్య ఖాళీలో కూడా గ్రీజు నింపాలి. బయటి చుట్టంత వెడల్పున్న గొట్టమో సాకెట్టో ఆనించి, వంకర పోకుండా నిదానంగా దించాలి. ఆ తర్వాత క్యారియర్‌ని షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు చాలామంది కొత్త సీలుని తమ చేతులతోనే కోసుకుంటారు. చిన్న మోటార్లలో ప్రొపెల్లర్ పిన్ను దూరే రంధ్రం ఉంటుంది, దాని అంచు బ్లేడులా ఉంటుంది. పళ్లు చెక్కిన షాఫ్ట్ అయితే ఆ పళ్లూ అంతే. ఆ అంచుని సన్నటి ఆకురాయితో నున్నగా చేసి, పైన పల్చటి టేపు చుట్టి, దాని మీద గ్రీజు రాసి, అప్పుడు ఎక్కించాలి.

పై సీళ్ల దాకా రావాల్సి వస్తే లోయర్ యూనిట్‌ని మోటారు నుంచి దించాలి, గేరు కడ్డీ లింకు వదలాలి, వాటర్ పంపు విప్పాలి. ఇంత దూరం వచ్చాక ఇంపెల్లర్ మార్చకుండా తిరిగి బిగించడం వట్టి దండగ. ఇంపెల్లర్‌ని తిప్పే చిన్న తాళపు ముక్క నేల మీద పడితే వెతుక్కోవడం కష్టం, ముందే ఒక గిన్నెలో వేసి పెట్టుకోండి. అంతా బిగించాక మళ్లీ పీడన పరీక్ష చేయాలి, నూనె పోయకముందే.

నూనె ఎప్పుడూ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పై నుంచి పోస్తే కింద గాలి చిక్కుకుంటుంది, నిండిందనుకుంటాం, నిండదు. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా నూనె పొర్లే దాకా పంపు కొట్టి, ముందు పై స్క్రూ బిగించి, అప్పుడు కింద పంపు తీసి వెంటనే కింది స్క్రూ పెట్టాలి. పైది మూసి ఉంటే కింద నూనె గబుక్కున కారదు. ఒక గంట ఆగి పై స్క్రూ విప్పి చూస్తే మట్టం కొంచెం దిగి ఉండొచ్చు, మళ్లీ నింపండి.

ఏ నూనె? చాలా మోటార్లకు 90 నంబరు హైపాయిడ్ గేర్ ఆయిల్. బోట్ల కోసం చేసింది దొరికితే అదే మేలు, నీళ్లు కాస్త చేరినా గేర్లను తుప్పు పట్టనివ్వని రసాయనాలు అందులో కలుపుతారు. అన్నిటికీ ఇదే అని మాత్రం కాదు. 1960లలో వచ్చిన కొన్ని జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో గేర్లు కరెంటుతో మారేవి, వాటికి వేరే రకం నూనె కావాలి. ఇంగ్లండులో చేసిన పాత బ్రిటిష్ సీగల్ మోటార్లది ఇంకో తీరు. వాటి గేర్‌బాక్సులో 140 నంబరు చిక్కటి నూనె పోసేవారు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రబ్బరు సీలు లేకుండా, పొడుగాటి లోహపు బుష్షులో తిరగడమే దాని ఏర్పాటు. నూనె కొంచెం కారడం, నీళ్లు కొంచెం చేరడం దానికి సహజం. అలాంటి మోటారు చేతికొస్తే లేని సీలు కోసం వెతక్కండి.

కారే సందు మీద బయటి నుంచి సిలికాన్ పూయడం, గేర్ ఆయిల్ బదులు గ్రీజు కుక్కడం లాంటి చిట్కాలు నాకు ఏమాత్రం నచ్చవు. గ్రీజు గేర్ల పళ్లు ఒకసారి తోసేశాక మళ్లీ తిరిగి వచ్చి అంటదు, బేరింగులు ఎండిపోతాయి. నడిసీజన్లో మోటారు ఆపలేని వాళ్లకు చేయదగ్గ తాత్కాలిక ఉపాయం ఒకటుంది. నూనె తెల్లబడితే మొత్తం తీసేసి కొత్తది పోయడం, కాసేపు నడిపి అదీ తీసేసి మళ్లీ కొత్తది పోయడం. దాంతో నీళ్లు చాలావరకు పోతాయి. తీరిక దొరికే దాకా తరచుగా ఇలా మారుస్తూ ఉంటే బేరింగులు బతుకుతాయి.

ఆ తీరిక మన తీరంలో ఏటా ఖాయంగా దొరుకుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు బోట్ల వేట నిషేధం. ఎక్కువమంది మోటారు సంగతి జూన్ రెండో వారంలో తలుచుకుంటారు. అప్పటికి లోపలున్న నీళ్లు రెండు నెలలు కదలకుండా బేరింగుల మీద నిలబడి ఉంటాయి. ఆఖరి వేట నుంచి వచ్చిన వారంలోనే నూనె తీసి చూస్తే, సీలు చెడిందని ఏప్రిల్‌లోనే తెలుస్తుంది, బాగు చేయించుకోవడానికి బోలెడు సమయం ఉంటుంది.

వరద సాయానికి వాడే రబ్బరు బోట్ల మోటార్లకు ఇది ఇంకా ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జనాన్ని ఇళ్లలోంచి తెచ్చింది అలాంటి బోట్లే. వీధుల్లో నిలిచిన నీళ్లలో తీగలు, గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు అన్నీ ప్రొపెల్లర్‌లోకే వస్తాయి. పని అయ్యాక మోటారు కడిగి షెడ్డులో పెడితే మళ్లీ వరద వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. కడిగిన రోజే ప్రొపెల్లర్ విప్పి, నూనె మార్చి పెట్టకపోతే మళ్లీ అవసరం పడిన రోజున గేర్లు తిరుగుతాయన్న నమ్మకం లేదు.

ఇంత చేసి బాగు చేయించుకోవడం దండగా అని అడిగేవాళ్లు ఉంటారు. గేర్ల పళ్లు విరిగి, గేర్‌కేసు చీలి ఉంటే దండగే, వేరే మోటారు నుంచి పూర్తి యూనిట్ తెచ్చి బిగించడం నయం. సీళ్లూ ఓ-రింగులే పోతే మాత్రం ససేమిరా కాదు. ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలోని మిల్వాకీలో మొదలుపెట్టిన మోటార్ల తయారీ, మాతృసంస్థ 2000లో దివాళా తీశాక చేతులు మారి, 2020లో పూర్తిగా ఆగిపోయింది. అయినా ఆ పాత మోటార్లకు సీళ్లు ఇవాళ్టికీ కొలత చెప్పి కొనుక్కోవచ్చు. దొరకనివి గేర్లు, షాఫ్ట్‌లు. నీళ్లను బయట ఆపితే అవి కొనాల్సిన పనే రాదు.

బాగు చేసిన మోటారుని నీళ్లలో దింపాక మొదటి నాలుగైదు వేటల తర్వాత ఒకసారి రాత్రంతా నిలబెట్టి, అడుగు స్క్రూ కొంచెం వదిలి గ్లాసు పట్టి చూడండి. మొదటి చుక్కే నూనె అయితే కొత్త వాషరు వేసి బిగించేయండి. తీసిన పాత నూనెని డబ్బాలో పట్టి, ఊళ్లో పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి. కాలవలోనో రేవులోనో పారబోయకండి, చేపలు గుడ్లు పెట్టేది ఆ నీళ్లలోనే.